సముద్రం అవతలి పీర్లు



మొహర్రం పదో రోజు. హైదరాబాద్ పాతబస్తీ డబీర్‌పురాలో బీబీ కా ఆలావా ముందు కాలు పెట్టడానికి చోటుండదు. ఏనుగు మీద ఆలం కనబడగానే జనం ఒక్కసారిగా ముందుకు కదులుతారు. నల్ల బట్టలు వేసుకున్న యువకులు 'యా హుస్సేన్' అంటూ గుండెలు బాదుకుంటూ నడుస్తారు. ఊరేగింపు చార్మినార్, గుల్జార్ హౌజ్, మీరాలం మండీ, దారుల్‌షిఫా మీదుగా చాదర్‌ఘాట్ చేరేసరికి పొద్దు వాలుతుంది. దారి పొడవునా అరుగుల మీదా డాబాల మీదా నిలబడి ఆలానికి దట్టీలు ఇచ్చేవాళ్లలో, ఊదు వేయించుకునేవాళ్లలో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు ఎందరో ఉంటారు. పాతబస్తీ వాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

అదే మొహర్రం పదో రోజున భూగోళానికి అవతలి పక్క, వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవిలో కూడా ఇమాం హుస్సేన్ పేరిట ఊరేగింపు కదులుతుంది. అక్కడ దాన్ని హోసే అంటారు. తాజియాలు, అంటే హుస్సేన్ సమాధికి నమూనాలైన గోపురాలు, కట్టేది ముస్లిం కుటుంబాలు. వాటిని లాగే చేతుల్లో హిందువుల చేతులుంటాయి. తాషా డప్పులు వాయించేవాళ్లలో ఆఫ్రికా సంతతి కుర్రాళ్లు ఉంటారు. వీళ్లంతా అక్కడ ఎలా కలిశారో, పాతబస్తీకీ ఆ దీవికీ పోలిక ఎక్కడుందో ఈ ప్రసంగంలో చెప్పాలని నా కోరిక.

ట్రినిడాడ్ పేరు మనకు ఎక్కువగా క్రికెట్ వల్ల తెలుసు. బ్రయాన్ లారా ఊరు అది, సునీల్ నరైన్ ఊరూ అదే. వెనెజువెలా తీరానికి ఆనుకున్నట్టుగా ఉంటుంది. పక్కనున్న టొబాగోను కలుపుకున్నా మన పాత రంగారెడ్డి జిల్లా అంత ఉండదు. జనాభా సుమారు 14 లక్షలు. 1962లో స్వతంత్రం వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో భారత సంతతి వారు 35 శాతం, ఆఫ్రికా సంతతి వారు 34 శాతం, మిశ్రమ సంతతి వారు దాదాపు 23 శాతం అని తేలింది. క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, హిందువులు, ముస్లింలు అందరూ ఉన్న దేశం. దీపావళికీ, ఈద్‌కీ, క్రిస్మస్‌కూ దేశమంతటా సెలవే.

ఇంతమంది ఆ చిన్న దీవికి వాళ్లంతట వాళ్లు సరదాగా వెళ్లలేదు. ముందు ఆఫ్రికా వాళ్లను బానిసలుగా ఓడల్లో కుక్కి తెచ్చారు. 1834లో బ్రిటిష్ వాళ్లు బానిసత్వాన్ని రద్దు చేశారు. 'అప్రెంటిస్' అనే పేరుతో నడిపిన వెట్టి కూడా 1838లో తీరిపోయింది. విముక్తులైన ఆఫ్రికన్లు చెరకు తోటలకు తిరిగి రాబోమన్నారు. దొరలకు కూలీలు కావాలి. అప్పుడు మన దేశం వైపు చూశారు. 1845 మే 30న 'ఫతేల్ రజాక్' అనే ఓడ 225 మందిని దించింది. 1917లో ఈ పద్ధతి ఆగేదాకా దాదాపు 1,43,000 మంది ఆ దీవికి చేరారు. అయిదేళ్ల ఒప్పందం. పని వంతు పూర్తి చేస్తే రోజుకు 25 సెంట్లు. తోట గేటు దాటాలంటే చేతిలో చీటీ ఉండాలి. చీటీ లేకుండా రోడ్డు మీద కనబడితే జైలు.

వాళ్లలో ఎక్కువమంది బీహారు, తూర్పు ఉత్తరప్రదేశ్ ప్రాంతాల భోజ్‌పురీ జనం. కలకత్తాలో ఓడ ఎక్కినవాళ్లు. మద్రాసులో ఎక్కినవాళ్లు తక్కువే. వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. నిజాం రాజ్యం నుంచి కాదు, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిన తెలుగు జిల్లాల నుంచి. అక్కడికి వెళ్లాక అందరికీ ఒకటే పేరు పెట్టారు, 'మద్రాసీ' అని. తెలుగు మాట్లాడేందుకు పక్కన మరో తెలుగు మనిషి దొరకని తోటల్లో రెండో తరానికే భాష పోయింది. ఇప్పుడు మిగిలింది రామసామి, వీరసామి వంటి ఇంటిపేర్లే. ఒకే ఓడలో వచ్చినవాళ్లు ఒకరినొకరు 'జహాజీ భాయి' అని పిలుచుకున్నారు. ఓడలో కులం నిలవలేదు. ఒకే గంజి, ఒకే నీళ్ల పీపా. ఆ జహాజీ వరస రక్తసంబంధం కన్నా గట్టిదైంది. జహాజీ భాయి కూతుర్ని పెళ్లాడటం చాలాచోట్ల తప్పు కింద లెక్క.

హోసేను పట్టి నిలిపింది ఈ జహాజీ వరసే. షియాలు ఆ ఓడల్లో కొద్దిమందే. కానీ ఇమాం హుస్సేన్ అమరుడైన కర్బలా కథ అందరికీ తెలుసు. సొంత ఊళ్లో మొహర్రం చూసి వచ్చినవాళ్లు, హిందువులతో సహా, ఏడాదికి ఒకసారి తోట పని ఆగేలా అందరూ కలిసి చేసుకోగలిగిన పండుగ కోసం వెతుక్కుంటే ఇదే దొరికింది. వెదురు బద్దలు, రంగు కాగితం, అట్ట. అంతే కావాల్సింది. గుడి కట్టుకోవడానికి నేల లేని కూలీవాడికి రోడ్డు మీద మోసుకెళ్లగల గోపురం ఆ తాజియా.

ఇప్పటికీ హోసే బాగా జరిగేది రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సెయింట్ జేమ్స్ అనే పేటలో. అక్కడి వీధుల పేర్లు కలకత్తా, ఢిల్లీ, మద్రాసు. తాజియా కట్టే చోటును ఇమాంబాడా అంటారు. కట్టే రోజుల్లో ఆ మగవాళ్లు మాంసం ముట్టరు, మద్యం ముట్టరు, ఇంటికి పోయి పడుకోరు. ఎవరి తాజియా ఎలా ఉండబోతోందో బయటపెట్టరు. ముందు జెండాల రాత్రి, తర్వాత చిన్న హోసే, ఆ తర్వాత పెద్ద హోసే, చివర పగటి ఊరేగింపు. పెద్ద హోసే రాత్రి రెండు చందమామలు బయటికి వస్తాయి. ఎర్రది హుస్సేన్‌కు, ఆకుపచ్చది హసన్‌కు. పెద్ద అర్ధచంద్రాకారం చట్రం, దాన్ని ఒక్క మనిషి నడుముకూ భుజాలకూ కట్టుకుని మోస్తూ గిరగిరా తిరుగుతాడు. కాసేపటికి మరొకడు అందుకుంటాడు. రెండు చందమామలూ ఎదురుపడి ఒకదాన్నొకటి తాకిన క్షణాన అన్నదమ్ములు కలిశారని జనం కేకలు పెడతారు. మన తెలంగాణ పల్లెల్లో రెండు పీర్లు ఎదురుపడి తాకినప్పుడు జనంలో లేచే గోల ఎరిగినవాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది.

తాషా సంగతి కూడా చెప్పాలి. మట్టి గిన్నె మీద మేక తోలు బిగించి మెడకు తగిలించుకుని రెండు పుల్లలతో వాయిస్తారు. వాయించే ముందు దారి పక్కన మంట వేసి తోలును కాచుకుంటారు. చల్లబడితే గొంతు పోతుంది, మళ్లీ మంట దగ్గరికి. డప్పు కాచుకునే మనవాళ్లు ఆ మంట ముందు కూర్చుంటే కొత్తవాళ్లలా అనిపించరు. తాషాల వెంట ఒక పెద్ద ఢోలు, ఇత్తడి ఝాంజు తాళాలు. యుద్ధానికి ఒక దరువు, దుఃఖానికి ఒక దరువు. దరువు మారగానే నడక మారుతుంది.

అక్కడి తాజియా చూస్తే పాతబస్తీ మనిషికి చార్మినార్ గుర్తురాక మానదు. చార్మినార్ రూపానికి తాజియాయే మూలమనే మాట మన దగ్గర ఉండనే ఉంది. అది రుజువైన విషయమేం కాదు. అయితే హైదరాబాద్ పుట్టింది హిజ్రీ వెయ్యో ఏట, అంటే 1591లో. ఊరు పుట్టిన మూడేళ్లకే ముహమ్మద్ కులీ కుతుబ్‌షా బాద్‌షాహీ ఆశుర్‌ఖానా కట్టించాడు. మదీనా చౌరస్తా దగ్గర ఇప్పటికీ ఉంది. లోపలికి వెళ్లి గోడ దగ్గరగా నిలబడితే పసుపు, నీలం, పచ్చ రంగుల పలకల్లో ఆలాలు, దీపశిఖలు కనిపిస్తాయి. ఆ పలకల పని 1611 నాటిది. కింది వరసల్లో పలకలుండవు, రంగు పూసి ఉంటుంది. 1908లో మూసీ వరద ఎంత ఎత్తుకు వచ్చిందో ఆ గోడే చెబుతుంది. ఔరంగజేబు 1687లో గోల్కొండను పట్టుకున్నాక అక్కడ దీపాలు ఆరిపోయి, నిజాం అలీ ఖాన్ కాలంలో మళ్లీ వెలిగాయి. రాజు కట్టించాడు కాబట్టి మన మొహర్రానికి నీడ ఉంది. ట్రినిడాడ్ కూలీకి ఆ భాగ్యం లేదు. అక్కడి సర్కారు కూలీల పండుగను తుపాకీతో ఎదుర్కొంది.

ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేదు కనుక. 1884. ఐరోపాలో బీట్ దుంపల చక్కెర వచ్చి చెరకు చక్కెర ధర కుప్పకూలింది. దొరలు కూలీల పని వంతు పెంచారు. తోటల్లో సమ్మెలు మొదలయ్యాయి. అంతకు ముందు 1881లో ఆఫ్రికన్ల కార్నివాల్ కాగడాల ఊరేగింపు మీద పోలీసులు పడితే పెద్ద కొట్లాట అయింది. ఆఫ్రికన్లు ఒక రోజు, భారతీయులు ఒక రోజు వీధిని నింపుతున్నారు. ఇద్దరూ కలిస్తే ఏమవుతుందో ఊహించుకుని దొరలు భయపడ్డారు. 1884లో సర్కారు ఉత్తర్వు జారీ చేసింది: హోసే తోటల్లోనే జరుపుకోవాలి, శాన్ ఫెర్నాండో పట్నంలోకి గానీ పెద్ద రోడ్ల మీదికి గానీ రాకూడదు. తాజియాలను సముద్రంలో కలపడానికి పట్నం దాటాల్సిందే. ఉత్తర్వు ఎత్తేయమని గవర్నరుకు అర్జీ పెట్టినవాళ్లలో ముందున్నది సూఖూ అనే హిందువు. ఊరేగింపులో నడిచేవాళ్లలో ఎక్కువమంది హిందువులే. హిందువులు మోసేది ముస్లిం మత కార్యం ఎలా అవుతుందనే వాదన తెల్లవాళ్ల వైపు నుంచి వచ్చింది. అర్జీ చెత్తబుట్టలో పడింది.

అక్టోబరు 30న తోట తోట నుంచీ తాజియాలు బయలుదేరాయి. పట్నంలోకి వచ్చే దారుల దగ్గర, మోన్ రిపోస్‌లోనూ మరో నాకా దగ్గరా, పోలీసులూ సైనికులూ వరస కట్టి నిలబడ్డారు. మేజిస్ట్రేటు హెచ్చరిక చదివాడు. తాషాల మోతలో ఇంగ్లీషు మాట ఎవరికి వినబడుతుంది? వినబడినా ఎవరికి అర్థమవుతుంది? కాల్పులు జరిపారు. సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం 22 మంది చనిపోయారు, వందకు పైగా గాయపడ్డారు. పారిపోతూ చెరకు తోటల్లో పడి చనిపోయినవాళ్లను ఎవరు లెక్కపెట్టారు? విచారణకు జమైకా గవర్నరు సర్ హెన్రీ నార్మన్‌ను పంపారు. ఆయన అధికారులను సమర్థిస్తూ నివేదిక ఇచ్చి వెళ్లిపోయాడు. కర్బలాను తలుచుకుంటూ నడిచిన నిరాయుధుల మీద కాల్పులు జరిపినవాళ్లకు శిక్ష లేదు. శాన్ ఫెర్నాండో హోసే ఆ దెబ్బతో చిక్కిపోయింది. సెయింట్ జేమ్స్‌లో, దక్షిణాన సెడ్రోస్‌లో మిగిలింది. చనిపోయింది ఏ మతం వాళ్లని అడిగితే జవాబు ఒకటి రాదు. దాన్ని నేను గౌరవంతో చెబుతున్నాను.

భక్తికి సరిహద్దు గీయడం దొరలకు అలవాటు, జనానికి కాదు. దక్షిణ ట్రినిడాడ్‌లో సిపారియా అనే ఊళ్లో క్యాథలిక్ చర్చి ఉంది. అందులో మరియమ్మ విగ్రహం, నల్లని రూపం. క్యాథలిక్కులకు ఆమె 'లా దివీనా పస్తోరా'. హిందువులకు 'సిపారీ మాయి'. గుడ్ ఫ్రైడే ముందు రోజూ ఆ రోజూ హిందువులు వరస కట్టి బియ్యం, నూనె, డబ్బు సమర్పిస్తారు. పిల్లల పుట్టువెంట్రుకలు అక్కడే తీయిస్తారు. ఇన్నేళ్లుగా చర్చి తలుపు మూయలేదు, హిందువులూ మానలేదు. కొత్తూరు దగ్గర జహంగీర్ పీర్ల దర్గాకు మొక్కుబడి కోసం, కందూరు చేయడం కోసం బయలుదేరే మన తెలంగాణ రైతులు అక్కడివాళ్లను చూసి ఏం వింతపడతారు? అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయి స్వామి పీర్లకు మొక్కడానికి లక్షల మంది వస్తారు. హుస్సేనమ్మ, ఫకీరప్ప పేర్లు హిందువుల ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో రజని అనే ఏనుగు ఉండేది. ఏళ్ల తరబడి మొహర్రంలో బీబీ కా ఆలాన్ని మోసిందీ, బోనాల్లో అక్కన్న మాదన్న గుడి ఘటాన్ని మోసిందీ అదే. ఏనుగుకు తేడా తెలియదని కొట్టిపారేయొద్దు. తెలిసిన మనుషులే రెండు ఊరేగింపులకూ దాన్నే పిలిచారు.

ఆఫ్రికా జనం విషయానికి వస్తే పాతబస్తీ దగ్గర చెప్పడానికి మరో కథ ఉంది. ఆఫ్రికా సంతతి వారైన మన హబ్షీలు నిజాం సైన్యంలోకి వనపర్తి సంస్థానం ద్వారా వచ్చారు. వాళ్ల గుర్రపు దళం ఉండిన చోటే ఇప్పటి ఏసీ గార్డ్స్. పోలీసు చర్య తర్వాత దళం రద్దయింది, మనుషులు ఇక్కడే ఉన్నారు. బార్కస్‌లోని యెమెన్ అరబ్బుల మర్ఫా వాద్యం, హబ్షీల దరువు కలిసి హైదరాబాద్ పెళ్లి ఊరేగింపుల చప్పుడయ్యాయి. ఇవాళ గణేశ నిమజ్జనంలోనూ, బోనాల్లోనూ, బరాత్‌లోనూ కుర్రాళ్లు ఎగిరే తీన్‌మార్‌కు ఊపిరి ఆ మర్ఫాదే. ట్రినిడాడ్‌లో భారత తాషాను ఆఫ్రికన్లు చేతికి తీసుకున్నారు. ఇక్కడ ఆఫ్రికా దరువును మనం తీసుకున్నాం. ఆ దరువు ఇచ్చినవాళ్ల బతుకులు ఎలా ఉన్నాయో మాత్రం మనం పట్టించుకోలేదు. బ్యాండు పిలుస్తాం, డబ్బులిస్తాం, ఆ ఇంటి పిల్లలు బడికి పోతున్నారా అని అడగం. ఇది నాకు బాధగా ఉంటుంది.

అన్నీ కలిసిమెలిసి సాఫీగా ఉన్నాయని చెబితే అబద్ధమవుతుంది. సెయింట్ జేమ్స్ హోసేలో చూడటానికి వచ్చిన జనం బీరు తాగుతూ తాషాకు నడుం ఊపుతారు. తాజియా కట్టిన కుటుంబాలకు అది మనసు కలుక్కుమనిపిస్తుంది. వాళ్లకు హోసే నోము. సున్నీ మతపెద్దలు తాజియానే తప్పంటారు. బయటి దేశాల నుంచి వచ్చిన షియా బోధకులు డప్పులు ఆపి, గుండెలు బాదుకుంటూ మాతమ్ చేయమన్నారు. ఆ కుటుంబాలు ఎవరి మాటా పూర్తిగా వినలేదు. తాతల నుంచి వచ్చినట్టే కడతాం, వాయిస్తాం అన్నారు. పాతబస్తీలో నెత్తురు చిందించే మాతమ్‌కు అలవాటు పడిన కన్ను పల్లె పీర్ల పండుగను చూసినప్పుడు కూడా ఇదే ప్రశ్న వస్తుంది. అక్కడ పులివేషాలు, పాటలు, అలావ్ చుట్టూ గుండ్రంగా ఎగరడం. దుఃఖదినాన ఆట ఏమిటి అని అడుగుతారు. నేను పల్లె వైపే నిలబడతాను. పంట చేతికి రానివాడు, బిడ్డ పోయినవాడు, దొర కొట్టినవాడు హస్సేన్ హుస్సేన్ అంటూ రాత్రంతా ఎగిరి, తెల్లారి పీరును సాగనంపేటప్పుడు ఏడిస్తే ఆ ఏడుపులో లోటేమీ లేదు. కానీ సెయింట్ జేమ్స్‌లో బీరు సీసా పట్టుకున్నవాడిని ఆ పల్లె రైతుతో కలపను. ఆయన మొక్కుకుని వచ్చాడు, ఇతను చూసిపోవడానికి వచ్చాడు.

చివరగా మన తెలుగువాళ్ల సంగతి. ట్రినిడాడ్‌లో, పక్కన గయానాలో 'మద్రాసీల పూజ' అని ఒకటి మిగిలింది. కాళీ మాయి, మారియమ్మ. వేపమండలు, పసుపు నీళ్లు, మేకపోతు బలి, పూనకం. వాయించే పలక వాద్యాన్ని అక్కడ 'తప్పు' అంటారు, అది మన డప్పే. భోజ్‌పురీ పండితులు ఈ పూజను చాలాకాలం చిన్నచూపు చూశారు. లాల్‌దర్వాజా సింహవాహిని గుడి ముందు ఆషాఢంలో ఆదివారం నిలబడ్డ మనిషికి అందులో తెలియనిదేమీ ఉండదు. భాష పోయింది, ఊరి పేరు పోయింది, అమ్మ మిగిలింది, డప్పు మిగిలింది.

ఆ ఊరి పేర్లు పూర్తిగా పోలేదు కూడా. కూలీల వలస రిజిస్టర్లు ట్రినిడాడ్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 2011లో యునెస్కో ఫిజీ, గయానా, సురినాం, ట్రినిడాడ్‌లలోని ఈ రికార్డులను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఓడ ఎక్కిన మనిషి పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు రాసుకున్న కాగితాలవి. ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్టు రాసినవి. వాటిలో తెలుగు ఊళ్లను గుర్తుపట్టాలంటే తెలుగు తెలిసిన మనిషే కావాలి. 'కొండయ్య' అన్నది ఎలా చెడి ఉంటుందో, 'పిఠాపురం' ఎన్ని రకాలుగా రాసి ఉంటుందో భోజ్‌పురీ వారసుడికి తెలియదు. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు, తెలుగు శాఖలు కలిసి ఒక విద్యార్థి జట్టును పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు పంపడం అసాధ్యమైన పని కాదు. పంపేటట్టయితే మొహర్రం రోజుల్లోనే పంపండి. పొద్దున రిజిస్టర్లు చూసుకుని, సాయంత్రం సెయింట్ జేమ్స్‌లో తాషా వాయించేవాళ్ల మధ్య కూర్చోవచ్చు.